పునర్వసు నాలుగో పాదం

79 ఏళ్ళ మా మేనత్తకు నేను రెండో పెళ్ళి చేశాను. పెళ్ళికొడుకు లేడు, పురోహితుడు లేడు, మేళం లేదు. భోజనాలు మాత్రం ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. తతంగమంతా ఒంటిచేత్తో నడిపించింది నా కుడిచేతి బొటనవేలు.

మామయ్య కేంద్ర ప్రభుత్వోద్యోగి. ఆయన పోయాక అత్తయ్యకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ఇచ్చేవాళ్ళకు ఏడాదికోసారి ఒక అనుమానం వస్తుంది, ఈవిడ ఉందా లేదా అని. నవంబరు నెలలో ఆ అనుమానం తీర్చాలి. లైఫ్ సర్టిఫికెట్ అందకపోతే ఆ తర్వాత పింఛను ఆగిపోతుంది. 80 దాటినవాళ్ళయితే అక్టోబరు ఒకటి నుంచే ఇచ్చుకోవచ్చు. అత్తయ్యకు ఆ 80 కోసం వేరే తొందర ఉంది. 80 నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనం. 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళు నిండితే నూటికి నూరు శాతం. ఈ అంకెలు ఆవిడకు ఎక్కాల్లా వచ్చు. ఎవరైనా కాళ్ళకు దణ్ణం పెడితే, "నూరేళ్ళు బతకరా" అని దీవించి, "నేనూ బతుకుతాను" అని కలుపుతుంది.

పక్కింటి పిన్నిగారిది ఇంకో లెక్క. ఆవిడది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛను. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం నుంచి మనిషి గుమ్మంలోకి వచ్చి 4,000 చేతిలో పెట్టి వెళ్తాడు. ఒకటో తారీఖు ఆదివారం పడితే ముందురోజే. "మీకు ఎక్కువొస్తుంది గానీ మాకు ఇంటికొస్తుంది" అని ఆవిడ గోడ మీంచి నెలకోసారి గుర్తు చేస్తుంటుంది. పిన్నిగారిని గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

లైఫ్ సర్టిఫికెట్‌కి పూర్వం బ్యాంకుకెళ్ళి బెంచీ మీద కూర్చుని, పేరు పిలిచాక సంతకం పెట్టాల్సి వచ్చేది. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలు పెడితే చాలు, బతికున్నట్టు ఆన్‌లైన్‌లో ఎక్కిపోతుందన్నారు. అందరికీ ఎక్కింది. అరవయ్యేళ్ళు చింతపండు పిసికి, అంట్లు తోమి, రోట్లో పచ్చళ్ళు నూరిన అత్తయ్య వేళ్ళ మీద మాత్రం గీతలు మిగల్లేదు. వేలు మార్చాం, తుడిచాం, కొబ్బరినూనె రాశాం. యంత్రం ససేమిరా అంది. "గీతలన్నీ గిన్నెలకు అంటుకుపోయాయి నాయనా, గిన్నెలు తీసుకెళ్ళు" అంది అత్తయ్య. 2021లో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి వచ్చాక మా ఇంట్లో ఈ పనికి నాకు స్థిరమైన నియామకం జరిగింది, జీతం లేకుండా.

ఫోన్లో రెండు యాప్‌లు ఉండాలి. ఒకటి జీవన్ ప్రమాణ్. ఇంకొకటి ఆధార్ వాళ్ళది, ముఖం చూసేది. ఈ రెండోదాన్ని దించుకున్నాక తెర మీద ఎక్కడ వెతికినా కనబడదు. వెనక ఎక్కడో ఉండి తన పని తాను చేసుకుపోతుంది. అది లేకపోతే మాత్రం ఏ పనీ జరగదు. పెళ్ళిళ్ళలో మా ఆవిడ పాత్ర కూడా ఇదే.

అన్నిటికంటే ముందు ఆపరేటర్ ఎవరో తేలాలి. ఆపరేటర్ అంటే నేనే. నా ఆధార్, నా ఓటీపీ, నా ముఖం అన్నీ చూసి, సరే నువ్వు పనికొస్తావు అని యాప్ ఒప్పుకుంది. ఒప్పుకోకూడదు అసలు. అరగంటలో నా యోగ్యత ఏపాటిదో బయటపడింది.

అత్తయ్య ఆధార్ నంబరు కొట్టాను. ఓటీపీ ఆవిడ బటన్ల ఫోనుకి వచ్చింది. ఆ ఫోను వంటింట్లో కందిపప్పు డబ్బా మీద ఉంది. అత్తయ్య కళ్ళజోడు వెతుక్కుని, ఫోను వెతుక్కుని, మెసేజ్ తెరిచి, "ఏడు... ఆ తర్వాత ఒకటో, ఇంకో ఏడో" అనేసరికి దాని ఆయుష్షు తీరిపోయింది. రెండోసారి సరిగ్గానే చదివింది గానీ, అది పాత మెసేజ్. మూడోసారికి గట్టెక్కాం. తర్వాత పీపీఓ నంబరు, అంటే పింఛను మంజూరు ఉత్తర్వు నంబరు, 12 అంకెలు. మామయ్య తన చేత్తో ఒక అట్ట మీద రాసి బీరువా తలుపుకి లోపలివైపు అంటించి పోయాడు. ఆయన సున్నాకీ ఆరుకీ పెద్ద తేడా పాటించేవాడు కాదు. ఈ తిప్పలన్నీ అయ్యేసరికి నా ఫోన్లో చార్జింగ్ 6 శాతం. చార్జర్ పెట్టుకుందామంటే ఆ ప్లగ్గులో మిక్సీ ఉంది. మిక్సీలో కొబ్బరి ఉంది.

అప్పుడొచ్చింది ఆ ప్రశ్న. రీమ్యారీడ్? ఎస్, నో.

నిజానికి అడగక్కర్లేదు. నో నొక్కి ముందుకు పోవచ్చు. కానీ ముఖం చూపించి మరీ ఆపరేటర్‌నయ్యాను కదా, అడగకుండా నింపితే తప్పేమోననిపించింది. కొత్తగా పదవి వచ్చినవాడి నీతి ఇలాగే ఉంటుంది. అడగడానికి నోరు రావాలి మరి. నాన్నకు అక్క, చిన్నప్పుడు నాకు అన్నం తినిపించిన మనిషి, మామయ్య ఫోటో కింద కూర్చుని ఉంది. ఆవిణ్ణి పట్టుకుని "మళ్ళీ పెళ్ళి చేసుకున్నావా" అని ఎలా అంటాం? మనకు ఇబ్బందిగా ఉన్న మాటని సంస్కృతంలో అనేస్తే కాస్త మడి కట్టుకున్నట్టుంటుంది. నేనూ అదే చేశాను.

"అత్తయ్యా, పునర్వివాహం?"

వంటింట్లో మిక్సీ గుర్రుమంటోంది. అత్తయ్యకు ఎడమ చెవి మామూలుగానే విశ్రాంతిలో ఉంటుంది.

"ఆఁ, అవునురా. నాలుగో పాదం."

నాకు వినపడింది "అవును" ఒక్కటే. చెవి విన్నది మెదడు దాకా వెళ్ళి రావడానికి చార్జింగ్ లేదు, దారిలోనే బొటనవేలు అందుకుంది. ఎస్. ఆ తర్వాతి ప్రశ్న మళ్ళీ ఉద్యోగంలో చేరారా అని. ఈ వయసులో ఉద్యోగమేమిటి, అడిగేదేముంది అని నేనే నో కొట్టేశాను. ఆ తెలివి అర నిమిషం ముందు ఎక్కడికి పోయిందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక ముఖం. గుండ్రటి గీత మధ్యలో ముఖం పెట్టి కళ్ళు ఆర్పమంటుంది. అత్తయ్య కళ్ళు మూసింది, గుళ్ళో హారతి కళ్ళకద్దుకున్నట్టు. మూసినవి తెరవదు. "అత్తయ్యా, ఆర్పాలి, మూయకూడదు" అంటే, "రెండిటికీ తేడా ఏమిట్రా" అంది. ఫోను కాస్త పైకెత్తితే ఆవిడ తల వెనక గోడ మీద మామయ్య ఫోటో కూడా పడింది. దండతో సహా. పక్కకు జరగమన్నాను.

"ఆయన్నీ పడనీరా. ఆయన పింఛనే కదా."

కుర్చీ జరపలేదు, మరి. నేనే వంగి, ఒక మోకాలు నేలకానించి, కింద నుంచి తీశాను. ఆ కోణంలో నన్ను చూస్తే నేనే ఎవరికో పెళ్ళి ప్రపోజ్ చేస్తున్నట్టుందని మా ఆవిడ అంది. ప్రమాణ్ ఐడీతో మెసేజ్ వచ్చింది. అత్తయ్య ఇంకో ఏడాదికి బతికింది. కొబ్బరి పచ్చడితో దోసెలు తిని ఇంటికొచ్చాను.

ఆ మెసేజ్ వస్తే సర్టిఫికెట్ తయారైందని అర్థమే తప్ప బ్యాంకు దాన్ని ఒప్పుకుందని కాదని అప్పట్లో నాకు తెలీదు.

వారం తర్వాత మా వాళ్ళంతా కలిసి కార్తీక వనభోజనాలకు వెళ్ళాం. ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు వేశారు. నలభై మంది. శనివారం. రెండో శనివారమో నాలుగోదో అయ్యుంటే నా పరువు ఇంకో రెండు రోజులు నిలిచేది. అది మూడోది, బ్యాంకులు పనిచేస్తాయి. అత్తయ్య ఫోను మోగింది. ఆవిడ ఫోను ఎప్పుడూ స్పీకర్ మీదే, ఎప్పుడూ పూర్తి సౌండే.

"అమ్మా, బ్యాంకు నుంచండీ. మీ లైఫ్ సర్టిఫికెట్ రిజెక్టయింది. మీరు మళ్ళీ పెళ్ళి చేసుకున్నట్టు వచ్చిందండీ. కరెక్టేనా అమ్మా?"

పులిహోర వడ్డిస్తున్న మా బాబాయి చేతిలో గరిటె గాల్లో ఆగింది. ఎక్కడో ఒక పిల్లాడు కెవ్వుమంటే వాళ్ళమ్మ నోరు మూసింది, ఏడుపుకి కాదు, ఫోను సరిగ్గా వినపడ్డానికి.

అత్తయ్య తొణకలేదు. "ఎవరితో అని రాశారమ్మా?"

"ఆ కాలమ్ లేదండీ."

అయ్యో, కాలమ్ లేదా అని నలభై మందిలో సగం మంది మొహాలు చిన్నబోయాయి. అత్తయ్య ఆడపడుచు ఒకావిడ మాత్రం "వదినా!" అని విస్తరి ముందు నుంచి లేచిపోయింది. గారెలు వడ్డిస్తున్నారని తెలిసి మళ్ళీ కూర్చుంది. సాయంత్రానికి ఫ్యామిలీ గ్రూపులో విషయం పెట్టేశారు. మెసేజ్ చదవకుండానే జవాబిచ్చే పెద్దాయన ఒకరు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. మా గ్రూపు పెద్దాయన "నూతన దంపతులకు శుభాకాంక్షలు" అని పెట్టి మూడు పూలగుత్తులు జోడించారు. డాలస్‌లో ఉన్న అత్తయ్య కొడుక్కి అప్పుడే తెల్లారుతోంది. వాడు ఫోన్ చేసి, చాలా జాగ్రత్తగా, కొత్తగా చదువుకున్నవాడిలా, "అమ్మా, నీకిష్టమైతే మాకేం అభ్యంతరం లేదు, కానీ ఒక మాట చెప్పొచ్చుగా" అన్నాడు. అత్తయ్య ఆ పెద్దమనసుకి మురిసిపోయి, ఆ తర్వాత వాణ్ణి పావుగంట తిట్టింది.

ఇంతకీ విషయం నవ్వులాటగా పోయేది కాదు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మామూలుగా ఆ పింఛను ఆగుతుంది. అలా చేసుకున్నవాళ్ళకు ఈ డిజిటల్ సర్టిఫికెట్ కూడా చెల్లదు, పాత పద్ధతిలో కాగితమే ఇవ్వాలి. మనిషి పోయినా ఆగుతుంది, పెళ్ళయినా ఆగుతుంది. నేను ఆవిణ్ణి శ్రద్ధగా బతికించి, ఆ చేత్తోనే పెళ్ళి చేసి కూర్చున్నాను.

ఆ రాత్రి వెళ్ళి నేరం ఒప్పుకున్నాను. ఏం అడిగానో, ఆవిడేం అందో వరసగా చెప్పాను.

"నువ్వు పునర్వసు అని అడిగావనుకున్నానురా! సర్కారు వాళ్ళు నక్షత్రం కూడా అడుగుతున్నారు, ఎంత పద్ధతిగా ఉందో అనుకున్నాను. గోత్రం కూడా అడుగుతావని చూశాను."

"పొరపాటైంది అత్తయ్యా."

"పునర్వసు మొదటి మూడు పాదాలు మిథునం. నాలుగోది కర్కాటకం. నాదీ అదే, రాముడిదీ అదే. ఏకపత్నీవ్రతుడి నక్షత్రంరా అది! దానికి రెండో పెళ్ళి అంటగట్టావు."

ఆవిడకు బాధ పెళ్ళి గురించి కాదు, పాదం గురించి.

బ్యాంకు వాళ్ళు రెండు దారులు చెప్పారు. ఆవిణ్ణి ఒకసారి బ్రాంచికి తీసుకెళ్ళడం, లేదంటే సరైన వివరాలతో మళ్ళీ కొత్తగా సర్టిఫికెట్ చెయ్యడం. బ్రాంచికి అత్తయ్య రానంది. "అక్కడివాళ్ళంతా నన్ను పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తారు. ఒకసారి చాలు ఆ చూపులు, 1964లో పడ్డాను." పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేసే సదుపాయం కూడా ఉందన్నాను. "అతనికీ ఈ కథంతా చెప్పాలా" అంది. చివరికి నన్నే రమ్మంది. షరతులు పెట్టింది. మిక్సీ కట్టెయ్యాలి. ఫోను నిండా చార్జింగ్ ఉండాలి. సంస్కృతం మాట్లాడకూడదు.

సోమవారం ఉదయం మళ్ళీ కూర్చున్నాం. ఆధార్, ఓటీపీ, బీరువా తలుపు, మామయ్య సున్నాలు అన్నీ దాటాం. ప్రశ్న వచ్చింది. నేను నో మీద వేలు పెట్టబోతే అత్తయ్య చెయ్యి పట్టుకుంది. అడగమంది. పచ్చి తెలుగులో, కుడి చెవి వైపు తిరిగి, గట్టిగా.

కిటికీ తెరిచే ఉంది. నేను గొంతెత్తి అరిచాను. "అత్తయ్యా! నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకున్నావా?"

అత్తయ్య నోరు తెరిచేలోపు గోడ అవతల నుంచి పిన్నిగారు. "చేసుకోలేదు బాబూ! నేను సాక్షి! ఇరవై నాలుగ్గంటలూ ఇక్కడే ఉంటాను!"

నో నొక్కాను. నొక్కింది నోనే అని అత్తయ్యకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, తల ఊపింది.

"ఇంకొకటుంది. మళ్ళీ ఉద్యోగంలో ఏమైనా చేరావా?"

"ఇంకా లేదు. నీ ఆపరేటర్ ఉద్యోగం ఎప్పుడు ఖాళీ అవుతుందో కనుక్కుని చెప్పు."