బర్మింగ్‌హామ్ మూకుడు, బెంగళూరు విస్తరి

2025 సెప్టెంబరులో నేను ఇంగ్లండుకు బయలుదేరుతుంటే ఒంగోలు నుంచి అక్క ఫోన్ చేసింది. బర్మింగ్‌హామ్‌లో వాళ్ళబ్బాయి దగ్గర పది రోజులు ఉండి రావాలని నా ప్రయాణం. పచ్చళ్ళ సంగతి, చలికోటు సంగతి అయ్యాక చివరగా ఒక మాట చెప్పింది. "అక్కడి ఇండియన్ హోటళ్ళలో మాత్రం తినకురా. అది మన వంట కాదు."

ఈ మాట అక్క ఒక్కతే అనడం లేదు. మన బెంగళూరు తెలుగు సంఘంలో విదేశాలు తిరిగి వచ్చినవారు ఎవరిని కదిపినా ఇదే వినబడుతుంది. అక్కడి రైళ్ళను మెచ్చుకుంటారు, తోటలను మెచ్చుకుంటారు, ఇండియన్ రెస్టారెంటు పేరు ఎత్తగానే పెదవి విరుస్తారు. పాతికేళ్ళుగా బెంగళూరులో ఆంధ్రా హోటళ్ళ అన్నం తింటూ బతికిన మనకు ఆ పెదవి విరుపు తగదని నా నమ్మకం. ఎందుకు తగదో నాకు ఒక రాక్ కచేరీకి ముందు తెలిసింది.

ఆ రోజు రాత్రి ఏడున్నరకు నగరం మధ్యలోని ఒక హాలులో కచేరీ. నిలబడి వినే కచేరీకి ఖాళీ కడుపుతో వెళ్ళకూడదన్నది నాకూ మేనల్లుడికీ 2011 నుంచీ ఉన్న నియమం. సాయంత్రం ఐదింటికి మేనల్లుడు నన్ను స్పార్క్‌బ్రుక్‌లోని లేడీపూల్ రోడ్డుకు తీసుకువెళ్ళాడు. "మామయ్యా, అమ్మకు చెప్పకండి" అన్నాడు. ఆ రోడ్డునూ, దగ్గరలోని స్టోనీ లేన్‌నూ, స్ట్రాట్‌ఫర్డ్ రోడ్డునూ కలిపి ఊళ్ళోవాళ్ళు బాల్టీ ట్రయాంగిల్ అంటారు. పాకిస్తాన్ నుంచి, ముఖ్యంగా కాశ్మీరు ప్రాంతపు మీర్పూర్ వైపు నుంచి వలస వచ్చిన కుటుంబాలు 1970లలో అక్కడ బాల్టీ హోటళ్ళు మొదలుపెట్టాయి.

బాల్టీ అంటే హిందీలో బకెట్ కదా. మా బల్ల మీదికి వచ్చింది మాత్రం మూకుడు. అమ్మ పోపు వేసే మూకుడులాంటిదే. రెండు వైపులా రెండు చెవులు, పలుచటి ఉక్కు రేకు, వాడగా వాడగా నల్లబడిన అడుగు. ఏ మూకుడులో వండారో అదే మూకుడును పొయ్యి మీది నుంచి దించి మన ముందు పెడతారు. పెద్ద మంట మీద, నెయ్యితో కాక నూనెతో, పది నిమిషాల్లో ముగించే వంట అది. అంచుల వెంట కూర ఇంకా కుతకుతలాడుతోంది. మెంతికూర వాసన, అంచున కొద్దిగా మాడిన టమాటా వాసన, వాటి కింద కాలిన ఇనుము వాసన. పక్కనే మా బల్లలో సగాన్ని ఆక్రమించిన ఒకే ఒక్క నాన్.

అలవాటు కొద్దీ అన్నం అడిగాను. వడ్డించే ఆయనకు అరవై దాటి ఉంటాయి. అన్నం ఉంది, కావాలంటే తెస్తాను, కానీ బాల్టీకి రొట్టె ఉండాలి అని ఉర్దూలో నెమ్మదిగా చెప్పారు. అన్నంలో కలిపితే కూర చల్లారిపోతుందట. రొట్టె తుంచి మూకుడు అంచును తుడుచుకుంటూ తింటే చివరి ముక్క దాకా వేడి తగ్గదట. ఆయన చెప్పినట్టే తిన్నాను. చివరి ముక్క నిజంగానే నోరు కాల్చింది.

అక్క అన్నది నిజమే, అది మన వంట కాదు. ఆ మాటకొస్తే లాహోర్ వంటా కాదు, మీర్పూర్ వంటా కాదు. అది బర్మింగ్‌హామ్ వంట. ఆ మూకుళ్ళను సైతం ఆ ఊళ్ళోనే, ఉక్కు రేకును అచ్చుల్లో ఒత్తి తయారుచేశారు. ఇనుము పని మీద బతికిన ఊరు అది. ఆ ఊరి రాక్ సంగీతం పుట్టుకలోనూ ఉక్కు రేకు ఉంది. బ్లాక్ సబాత్ అనే రాక్ బృందపు గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో రేకుల కార్ఖానాలో పనిచేస్తుండగా యంత్రంలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కేది ఆ కుడిచేతి వేళ్ళతోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు కట్టుకున్నాడు, తర్వాత వాటి శ్రుతిని కిందికి దించాడు. ప్రపంచమంతా హెవీ మెటల్ అని పిలుచుకునే ఆ బరువైన నాదానికి ఆ గాయం ఒక కారణం. ఆ మధ్యాహ్నమే మేము బ్రాడ్ స్ట్రీట్‌లో ఆ బృందం పేరు పెట్టిన వంతెన మీద కాసేపు నిలబడ్డాం. ఆ బృందం గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ ఆ ఏడాది జులై 5న తన సొంత ఊళ్ళోనే, విల్లా పార్కు ఫుట్‌బాల్ మైదానంలో, సింహాసనం మీద కూర్చుని చివరి కచేరీ చేసి అదే నెల 22న కన్నుమూశాడు. మావాడు వంతెన గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

వాడికి ఆ సంగీతం అంటింది బెంగళూరులో. 2011 అక్టోబరు 30, ఆదివారం. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా అనే మెటల్ బృందం కచేరీ. అంతకు రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో జరగవలసింది రద్దయింది. ఒంగోలులో ఇంటర్ చదువుతున్న వీడు రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి మా ఇంటి తలుపు తట్టాడు. మధ్యాహ్నం రెసిడెన్సీ రోడ్డు అవతల మేడ మీదున్న పాత ఆంధ్రా హోటల్‌కు తీసుకువెళ్ళాను. మెట్ల మీదే వరుస మొదలైంది. ఎటు చూసినా నల్ల టీషర్టులే. మా ఎదుట కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు ఢిల్లీ నుంచి వచ్చారు. విస్తరి ముందు ఏం చెయ్యాలో తెలియక రొట్టెలు అడిగారు.

అప్పుడు వచ్చారు వడ్డించే పెద్దాయన. కావలి దగ్గరి పల్లె ఆయనది. పొడి డబ్బా మూత తీసే ముందు అరచేత్తో డబ్బాను రెండుసార్లు తట్టడం ఆయన అలవాటు. "రొట్టె తరువాత బాబూ, ముందు ఇది" అని తెలుగులోనే చెప్పి, ఢిల్లీ అబ్బాయి అన్నంలో వేలితో గుంట చేసి చూపించి, అందులో కందిపొడి వేసి, నెయ్యి పోశారు. అబ్బాయి కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ముక్కు కారింది, రెండో ముద్దకు చెయ్యి ఆగలేదు. అన్నానికి బదులు రొట్టె తినమన్న ఆ బర్మింగ్‌హామ్ పెద్దమనిషి మాట వింటున్నంతసేపూ నాకు, రొట్టెకు బదులు అన్నం తినమన్న ఈయన చెయ్యే గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు మేము తిన్నది ఏ ఊరి వంట? 2003లో మా అమ్మ మొదటిసారి బెంగళూరు వచ్చినప్పుడు అదే హోటల్‌కు తీసుకువెళ్ళాను. అమ్మ అంతా తిన్నది, బాగుందన్నది, చేయి కడుక్కుంటూ "ఇది ఏ ఊరి వంట నాయనా?" అని అడిగింది. పచ్చిమిరపకాయలు నిలువునా చీల్చి, కరివేపాకు గుప్పెళ్ళతో వేసి చేసే చిల్లీ చికెన్ ఆమె ఎరగదు. ఆంధ్రా వంటకమంటే బెంగళూరులో అందరూ ముందు చెప్పే పేరు అదే. మా ఇంట్లో కందిపొడి డబ్బాను ఎవరూ గన్ పౌడర్ అనలేదు, బెంగళూరు మెనూ కార్డులు అంటాయి. గోంగూర పచ్చడి గుంటూరుది, పక్కన బిర్యానీ ఏ ఒక్క ఊరిదీ కాదు, సాంబారులో తియ్యదనం కన్నడ దేశానిది. కావలి, కడప, గుంటూరుల నుంచి వచ్చినవాళ్ళు ఒకే వంటింట్లో చేరి, ఇక్కడి నీళ్ళతో, ఇక్కడి మార్కెట్లో దొరికిన కూరలతో, ఇక్కడి ఆఫీసు వాళ్ళకిచ్చే అరగంట భోజన విరామానికి సరిపడేలా అల్లుకున్న భోజనం అది. రెసిడెన్సీ రోడ్డులోని నాగార్జున 1984 నుంచీ వడ్డిస్తున్నదీ, మారతహళ్ళి సందుల్లోని చిన్న మెస్సులు వడ్డిస్తున్నదీ ఆ బెంగళూరు వంటే. అమ్మ అడిగిన ప్రశ్నకు నేను ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇది ఈ ఊరి వంటేనమ్మా అని చెప్పి ఉండవలసింది.

పేరు సంగతి కూడా అంతే. బ్రిటన్‌లో ఇండియన్ అని బోర్డు పెట్టుకున్న హోటళ్ళలో చాలావాటిని నడిపేది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వారు. వారి పెద్దల్లో చాలామంది ఓడల్లో పనికి వెళ్ళి అక్కడ దిగిపోయినవారు. మరి ఇండియన్ అనడమెందుకని మనవాళ్ళు నిలదీస్తారు. తినడానికి వచ్చేవాడికి తెలిసిన మాట అదే కాబట్టి. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 1810లో లండన్‌లో మన వంటల హోటల్ పెట్టి రెండేళ్ళలో దివాలా తీశాడు. తినేవాళ్ళను వెతుక్కోవడం ఎంత కష్టమో అప్పటి నుంచీ అక్కడ వంట చేసిన ప్రతివారికీ తెలుసు. మన సంగతి చూడండి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నా మిత్రుడు ఈనాటికీ ఆంధ్రా మీల్స్ అన్న బోర్డు కిందే తింటాడు. తన ప్రాంతం పేరు ఒక్క బోర్డు మీదా కనబడదని అతనికి బాధ ఉంది. ఆ బాధలో న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. నాకు తెలిసిన రెండు మెస్సుల వంటిళ్ళలో ఇప్పుడు గరిటె తిప్పుతున్నది ఒడిశా కుర్రాళ్ళు. అంతమాత్రాన అది ఆంధ్రా భోజనం కాకుండా పోలేదు, మనం తినడమూ మానలేదు.

విదేశీ ఇండియన్ రెస్టారెంట్లలో లోపాలు లేవని నేను అనను. ఒకే ఉల్లిపాయ గ్రేవీని పొద్దున్నే కాచి పెట్టుకుని, అందులో కారం పెంచుతూ పది పేర్లతో అమ్మే హోటళ్ళు అక్కడ కొల్లలు. మద్రాస్ అన్న పేరుతో అక్కడ అమ్మే కూర చెన్నైలో ఎవరూ వండరు, అక్కడ ఆ మాటకు అర్థం ఫలానా మోతాదు కారమని మాత్రమే. రుచి లేని కూరను రుచి లేదనే చెప్పాలి. బెంగళూరులోనూ నీళ్ళ పప్పు పోసే ఆంధ్రా హోటల్‌ను నేను అలాగే అంటాను. కానీ వంట బాగా లేదనడం వేరు, అది మన వంట కాదు కాబట్టి నకిలీ అనడం వేరు. మొదటిది నాలుక చెప్పే తీర్పు. రెండోది వలస వెళ్ళినవాడి కష్టాన్ని కొట్టిపారేసే మాట. వలస వచ్చినవాళ్ళం మనం ఆ మాట అనకూడదు.

మేము హాలుకు చేరేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. మా పక్కన నెరిసిన జుట్టు పెద్దమనిషి ఒకాయన, ఆ ఊరివాడే, మా బట్టల వాసన పట్టి నవ్వాడు. బాల్టీ తిని వచ్చారా అని అడిగాడు. కుర్రతనం నుంచీ ఏ కచేరీకి వెళ్ళినా ముందు లేడీపూల్ రోడ్డులో ఆగి రావడం తనకూ స్నేహితులకూ ఆనవాయితీ అట. ఇప్పుడు చాలా హోటళ్ళు మూతబడ్డాయని, యజమానుల పిల్లలు వేరే ఉద్యోగాల్లోకి వెళ్ళిపోయారని చెబుతూ "అది మా ఊరి తిండి, పోగొట్టుకుంటున్నాం" అన్నాడు. మా ఊరి తిండి అన్నాడు. లోపల గిటారు మొదలయ్యింది, ఆ తరువాత రెండు గంటలు మాటలకు చోటు లేదు. గుండె మీద చెయ్యి పెట్టి కొట్టినట్టుండే ఆ మోతలో మావాడు 2011 నాటి ఇంటర్ కుర్రాడిలా ఎగురుతుంటే, నా వేళ్ళకు ఇంకా మెంతికూర వాసన ఉంది.

ఆ ఊరివాళ్ళు ఒక మంచి పని చేశారు. బర్మింగ్‌హామ్ బాల్టీ అంటే ఏమిటో, ఏ మూకుడులో, ఏ నూనెతో, ఎలా వండాలో రాసి, ఐరోపా సమాఖ్య సంప్రదాయ వంటకాలకు ఇచ్చే గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టారు. అలా రాసిపెట్టడమే నాకు గొప్పగా తోచింది. మనం బెంగళూరు ఆంధ్రా భోజనం గురించి ఒక్క పుట రాసుకున్నామా? తిరిగి వచ్చాక నాకు దొరికిన మన సంఘం ఉగాది సంచికలన్నీ తిరగేశాను. ప్రబంధాల మీద వ్యాసాలున్నాయి, అవధానాల ఫోటోలున్నాయి. మనకు రోజూ అన్నం పెట్టినవాళ్ళ గురించి ఏమీ లేదు. మొదటి మెస్సులు ఏ వీధిలో పెట్టారు, విస్తరాకులు ఎక్కడి నుంచి వచ్చేవి, మిరపకాయలు ఎవరు పంపేవారు, పొడి ముందు వడ్డించాలని ఎవరు మొదలుపెట్టారు, చిల్లీ చికెన్ ఎవరి చేతిలో పుట్టింది? తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు, వయసు మీద పడుతోంది. వచ్చే ఉగాది సంచికలో కనీసం ఇరవై పుటలు వారికి కేటాయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వారి దగ్గరికి వెళ్ళి, అడిగి రాసే పనిలో నా వంతు నేను చేస్తాను.

పెద్దాయన పని మానేసి ఊరు వెళ్ళిపోయి ఆరేళ్ళయింది. హోటల్ గల్లాపెట్టె దగ్గర అడిగితే కొడుకు ఫోన్ నంబరు ఇచ్చారు. సంక్రాంతికి మేనల్లుడు వస్తున్నాడు, ఇద్దరం కలిసి కావలి వెళ్తాం. అడగవలసినవి ఒక కాగితం మీద రాసుకున్నాను. పొడి డబ్బాను అలా రెండుసార్లు ఎందుకు తట్టేవారన్నది అందులో మొదటిది.