3/4, 6/8 ఒకటి కాదండీ

పాశ్చాత్య సంగీతంలో తాళం గుర్తుల (టైమ్ సిగ్నేచర్ల) మీద మీ వ్యాసం బాగుంది కానీ, ‘3/4ని రెట్టింపు చేస్తే 6/8, రెండూ ఒకటే’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇవి లెక్కల్లో భిన్నాలు కావు కదండీ. రెండింట్లోనూ బార్‌కి, అంటే ఒక్కో తాళం చుట్టుకి, ఆరు ఎయిత్ నోట్లే (ఎనిమిదో వంతు స్వరాలే) పడతాయి, నిజమే. తేడా అంతా ఊనికలో ఉంది. 3/4 అంటే తక-తక-తక, మూడు దెబ్బలు. 6/8 అంటే తకిట-తకిట, రెండే దెబ్బలు. ఒకసారి బల్ల మీద కొట్టి చూడండి, చెయ్యే చెబుతుంది. అమెరికన్ స్వరకర్త బెర్న్‌స్టీన్ సంగీత నాటకం ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ (1957)లో ‘అమెరికా’ పాట నడకంతా దీని మీదే: ఒక బార్ 6/8, మరుసటి బార్ 3/4. రెండూ ఒకటే అయితే ఆ పాటలో మజా ఏముంది?

ఇంకొకటి. 4/4కి (బార్‌కి నాలుగు దెబ్బలు) బదులు వేసే ‘సి’ (C) గుర్తు, 4/4కి ఉన్న ఇంకో పేరు ‘కామన్ టైమ్’కి పొడి అక్షరం కాదు. మధ్యయుగాల్లో మూడేసిగా విడిపోయే లయకి నిండు సున్నా, రెండేసికి తెగిన సున్నా గీసేవారు. ఆ తెగిన సున్నాయే ఇది. కీబోర్డు నేర్పిన మా మాస్టారు కూడా ‘కామన్’ అనే చెప్పారు, నేనూ పరీక్షలో అదే రాసొచ్చాను లెండి.