పొగమంచు అద్దెకు ఇవ్వబడును

లండన్ తూర్పు పేట వైట్‌చాపెల్‌లో 1888 ఆగస్టు 31 మొదలు నవంబరు 9 దాకా ఐదుగురు ఆడవాళ్లను చంపిన ‘జాక్ ది రిప్పర్’ ఎవడో నేటికీ తేలలేదు. స్కాట్లాండ్ యార్డుకు ఇది తీరని మచ్చ. డాక్యుమెంటరీ పరిశ్రమకు మాత్రం తరగని మాన్యం. దొరికిన హంతకుడు ఒక ఎపిసోడుకు సరిపోతాడు, అంతే. దొరకనివాడు ఎనిమిదింటికి సాగుతాడు, పై ఏడాది రెండో సీజనుకూ అక్కరకొస్తాడు. కనుక ఈ రంగంలో కొత్తగా దిగదలచినవారి సౌకర్యార్థం కొన్ని సూచనలు ఇవ్వడమైనది.

ముందు పొగమంచు సంగతి చూసుకోండి. హంతకుడు లేకపోయినా సినిమా నడుస్తుంది గానీ, మంచు లేకపోతే నడవదు. నీళ్లలో గ్లైకాల్ కలిపిన ద్రావణం మిషనులో పోసి, అది బాగా వేడెక్కేదాకా ఆగాలి. తొందరపడి మీట నొక్కితే పొగకు బదులు తుంపర్లు కక్కుతుంది. రాళ్లు జారుడెక్కి, హంతకుడి వేషగాడు హత్యకు ముందే వెల్లకిలా పడతాడు. దీపాన్ని పొగకు వెనక పెట్టండి. ముందు పెడితే సున్నం వేసిన గోడను తీసినట్టుంటుంది. ఆరుబయట గాలి తిరిగిందా, మీరు డబ్బు పోసి చేసిన మంచంతా పక్క వీధివాళ్లది. అందుకే పెద్దలు కెమెరాను మోకాళ్ల కిందికి దించమన్నారు. బూట్లు, గౌను అంచు, తడి రాళ్లు చాలు. టేకు టేకుకీ రాళ్ల మీద నీళ్లు కొట్టాలి, పొడిరాయి మీద లాంతరు వెలుగు మెరవదు. ఇన్ని చేసినా మొదటి షాటులో చిక్కగా ఉన్న మంచు మూడో షాటుకల్లా మజ్జిగ తేటలా పలచబడుతుంది. అప్పుడు ఆ రెండు షాట్ల మధ్య చర్చి గంటో గుర్రపు డెక్కో ఇరికించి ఎడిటరు పరువు నిలబెడతాడు.

ఇంత పాటు ఎందుకయ్యా అంటే, ఆ హత్యల రాత్రుల్లో అలాంటి మంచు లేదు. ఆ ఐదుగురిలో మొదట హతమైన మేరీ ఆన్ నికల్స్ చనిపోయిన రాత్రి రేవు దగ్గర నిప్పంటుకుని ఆకాశం ఎర్రబారింది. కోట్లు పెట్టినా గ్రాఫిక్స్‌లో రాని దృశ్యం అది. ఉత్తపుణ్యానికి చరిత్ర ఇస్తానంటే మనవాళ్లు వద్దని నీలిరంగు పూశారు. మేరీ జేన్ కెల్లీ విషయంలో కురిసింది వాన. యానీ చాప్‌మన్ శవం కనిపించిందైతే సెప్టెంబరు 8న దాదాపు ఆరు గంటలకు, అంటే పొద్దు పొడిచి అరగంట దాటాక. హాన్‌బరీ వీధి 29వ నంబరు ఇంటి పెరడు అది. పదిహేడు మంది కాపురమున్న ఇల్లు. ఒకాయన పనికి బయల్దేరుతూ పెరటి తలుపు తీశాడు, చూశాడు. తెల్లారిపోయింది, కొంపలో జనం లేస్తున్నారు, అంట్లు చప్పుడవుతున్నాయి. ఇలాంటిచోట వయొలిన్ ఎక్కడ పెడతారు?

తర్వాత వేషం. పొడుగు టోపీ, నల్ల అంగీ, డాక్టరు సంచీ అద్దెకు తెచ్చుకోండి. మిటర్ స్క్వేర్ పక్కన, హతుల్లో ఒకరైన కేథరిన్ ఎడోస్‌తో ఒక మగవాణ్ణి చూసినట్టు చెప్పిన సాక్షి మాటల్లో ఉన్నవి ముందు అంచున్న మామూలు టోపీ, మెడకు ఎర్రటి రుమాలు, ఓడ కళాసీ వాలకం. ఆ వేషంలో తిరిగేవాళ్లు ఆ పేటలో వేలమంది. అందరిలా ఉన్నవాడు పోస్టరు మీదికి పనికిరాడు.

ఇక తీసేయవలసిన వాటిలో మొదటిది నాలుగు పెన్నీలు. అప్పట్లో ఆ పేటలో ఇల్లు లేనివాళ్లు సత్రాల్లాంటి చోట్ల ఏ రాత్రికారాత్రి డబ్బు కట్టి పడుకునేవారు. ఒంటి మంచం రాత్రికి 4 పెన్నీలు. కింద వంటగదిలో పొయ్యి దగ్గర కూర్చోనిస్తారు గానీ, మంచం డబ్బు లేదంటే నడిరేయి దాటాక కూడా బయటికి పంపేస్తారు. నికల్స్ దగ్గర ఆ రాత్రి 4 పెన్నీలు లేవు. కొత్త టోపీ చూపించి, మంచం డబ్బు ఇప్పుడే సంపాదించుకొస్తానని నవ్వుతూ వెళ్లింది. వారం తర్వాత చాప్‌మన్ దగ్గరా లేవు. ఒంట్లో బాగాలేని మనిషి, మంచం వేరేవాళ్లకు ఇవ్వొద్దని చెప్పి మరీ వెళ్లింది. ఇద్దరూ ఆ వేళప్పుడు వీధిలో ఎందుకున్నారన్న ప్రశ్నకు ఇదీ జవాబు. తేలిపోయిన ప్రశ్న కాబట్టి ఇది మిస్టరీ కిందికి రాదు. వాయిస్ ఓవర్లో ‘పాపపు కూపం’, ‘చీకటి మహానగరం’ అని ఎన్నిసార్లయినా అనండి. ‘మంచం అద్దె’ అని మాత్రం అనకండి. అన్నారో, ప్రేక్షకుడు హంతకుణ్ణి వదిలేసి ఇంటి యజమాని పేరు అడుగుతాడు.

ఇంటర్వ్యూకి రిటైరైన పోలీసు అధికారి ఒకరు తప్పనిసరి. వెనక నల్ల తెర, మొహానికి ఒక పక్కే దీపం. ప్రశ్న అడిగి ఆయన్ను నాలుగు సెకన్లు పలకనివ్వకండి, ఆ మౌనం ట్రైలరుకు పనికొస్తుంది. అప్పటి పోలీసుల పనితనం గురించి మాత్రం లోతుగా అడగొద్దు, నవ్వొస్తుంది. సెప్టెంబరు 30 రాత్రి ఎలిజబెత్ స్ట్రైడ్ చనిపోయిన బెర్నర్ వీధి మెట్రోపాలిటన్ పోలీసులది. ముప్పావు గంట తర్వాత ఎడోస్ శవం దొరికిన మిటర్ స్క్వేర్ సిటీ పోలీసులది. రెండూ వేర్వేరు శాఖలు, నడుమ పావుగంట నడక. ఎడోస్ గౌను పైన కట్టుకున్న ఏప్రన్‌లోంచి కోసిన ముక్క గౌల్‌స్టన్ వీధిలో దొరికింది, అంటే మెట్రోపాలిటన్ వారి హద్దులో. దాని పైన గోడ మీద సుద్దరాత. ఫొటో తీద్దామని సిటీ వాళ్లు. యూదుల మీద అల్లర్లు రేగుతాయని మెట్రోపాలిటన్ కమిషనర్ చార్లెస్ వారెన్. తెల్లవారేలోగా తుడిపించేశారు. హంతకుడు రాశాడో, ఏ ఆకతాయి రాశాడో తేల్చే ఆధారమే లేదు. ఆ రాతకు అర్థాలు చెప్పే ఎపిసోడ్లకు మాత్రం లోటు లేదు.

కుక్కల కథ ఇంకా రమ్యం. వాసన పట్టే రెండు కుక్కలు, బార్నబీ, బర్గో, లండన్ వచ్చాయి. పార్కులో పరీక్ష పెడితే దొంగ వేషంలో వారెన్ స్వయంగా పరిగెత్తారు. నవంబరు 9న కెల్లీ శవం గదిలో ఉందని తెలిశాక, కుక్కలొచ్చేదాకా తలుపు తీయొద్దని పోలీసులు రెండు గంటలకు పైగా వాకిట్లో నిలబడ్డారు. కుక్కలు రానే రాలేదు. చివరికి తలుపు పగలగొట్టించారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు మనవాళ్లు. ఇక్కడ ఆ మాత్రం మొరుగుడూ లేదు. వారెన్ రాజీనామా సమర్పించింది అంతకు ముందు రోజే.

అన్నట్టు, ‘జాక్ ది రిప్పర్’ అన్న పేరుతో సంతకమున్న మొదటి ఉత్తరం పోలీసులకు రాలేదు. సెప్టెంబరు 27న ఒక వార్తా సంస్థకు చేరింది. పోలీసులు దాని నకలు అచ్చేసి గోడలకు అంటించాక అలాంటివి వందల్లో వచ్చిపడ్డాయి. అది ఏ విలేకరి పనో అయి ఉంటుందని తర్వాత పోలీసు పెద్దలే రాసుకున్నారు. కాబట్టి షూటింగు ముహూర్తానికి కొబ్బరికాయ ఎవరి పటం ముందు కొట్టాలన్న సందేహం అక్కర్లేదు.

అనుమానితులకు ఎక్కువ నిడివి ఇవ్వకండి. 1894లో ముగ్గురి పేర్లు రాసిపెట్టిన పోలీసు అధికారి మెక్‌నాటెన్ దొరగారు హత్యలప్పుడు పోలీసు శాఖలోనే లేరు. అందులో డాక్టరన్న మనిషి నిజానికి ప్లీడరు. ఇంకొకాయన ఆ రోజుల్లో ఫ్రాన్సు జైల్లో ఉన్నట్టు తర్వాత బయటపడింది. చివరి ఎపిసోడులో డీఎన్‌ఏ తప్పదు గనక, ఎడోస్‌దని చెప్పే శాలువా ఒకటుంది, చూపించండి. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఎంతోమందికి ఒకేలా ఉండొచ్చన్న వాక్యం మీద సంగీతం పెంచండి.

ఆ శాలువాతో చిన్న ఇబ్బంది. ఎడోస్ ఒంటి మీదున్న ప్రతి వస్తువూ సిటీ పోలీసులు ఓపిగ్గా రాసుకున్నారు. టీ పొడి డబ్బా, చక్కెర డబ్బా, మట్టి పొగగొట్టాలు రెండు, తాకట్టు చీటీలున్న ఆవాల డబ్బా, ఎర్ర చేతితొడుగు ఒక్కటి, తెల్ల పిడి కత్తి, ఒక చెంచా, ఖాళీ అగ్గిపెట్టె. ఇల్లంతా ఒంటి మీదే మోసుకు తిరిగిన మనిషి. శాలువా ఆ జాబితాలో లేదు. జాబితాను తెర మీద రెండు సెకన్లకు మించి నిలపకండి, చదివేస్తారు.

అనుమతుల గురించి చివరి మాట. వైట్‌చాపెల్ పక్కనే కేబుల్ వీధిలో ఒక భవనానికి ఆడవాళ్ల చరిత్ర మ్యూజియం పెడతామని 2014లో అనుమతి తీసుకున్నారు. 2015లో తెర తీస్తే రిప్పర్ మ్యూజియం. వీధివాళ్లు అట్టలు పట్టుకుని నిలబడ్డారు, లోపల టికెట్లు తెగాయి. మీ దరఖాస్తులోనూ ‘విషయం’ అన్నచోట ఆడవాళ్ల చరిత్ర అనే రాయండి. సంతకం తొందరగా పడుతుంది.