ఎక్కువ వచ్చిన సొమ్ము ఎవరిది?

పాత మంచమో, వాడకుండా మూలపడ్డ కెమెరానో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన గంటకే ఫోన్ మోగుతుంది. వస్తువు ఇంకా ఉందా అని అవతలి మనిషి అడుగుతాడు. ఎన్నేళ్లు వాడారు, గీతలేమైనా పడ్డాయా, ధర కొంచెం తగ్గిస్తారా అన్న మాటే ఎత్తడు. తాను దూరాన ఉన్నానని, మనిషిని పంపి తెప్పించుకుంటానని, డబ్బు మాత్రం ఇప్పుడే వేసేస్తానని అంటాడు. కాసేపటికి డబ్బు జమైనట్టు మెసేజీ వస్తుంది. చూస్తే చెప్పిన ధరకు పదింతలు! వెంటనే మళ్లీ ఫోన్. ‘అయ్యో, పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొట్టానండీ. ఆసుపత్రిలో కట్టాల్సిన డబ్బు అది. మీది మీరు ఉంచుకుని మిగతాది కాస్త తిరిగి పంపరా?’

పరాయి సొమ్ము మనకెందుకని ఆ క్షణంలో అమ్మకందారుకు అనిపిస్తుంది. అలా అనిపించడం మంచితనమే. ఈ మోసం బతుకుతున్నది సరిగ్గా ఆ మంచితనం మీదే. లాటరీ తగిలిందని వల వేసేవాడికి మన ఆశ కావాలి; వీడికి మన నిజాయితీ కావాలి. అందుకే ఇలా నష్టపోయినవారిని ‘అత్యాశకు పోయారు’ అని తీసిపారేసే అలవాటు మీద మాకు గట్టి అభ్యంతరం ఉంది. ఒక్క పైసా అదనంగా ఉంచుకోకూడదనుకున్నవాళ్లే ఇందులో మునుగుతున్నారు.

మోసగాడు మాటలు మారుస్తాడు, వేషం మారుస్తాడు. లోపలి కిటుకు మాత్రం ఒక్కటే. అతడు పంపిన డబ్బు ఉత్తిదైనా కావచ్చు, వెనక్కి పోయేదైనా కావచ్చు. మనం పంపేది మాత్రం అసలు సిసలు డబ్బు, పోతే తిరిగి రానిది.

చెక్కుల విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలో ఒకప్పుడు బ్యాంకులు చెక్కు సొమ్మును రోజుల తరబడి తొక్కిపెట్టేవి. ఆ బాధ తప్పించడానికి 1987లో చట్టం చేసి, నిర్ణీత గడువులోగా ఆ సొమ్ము ఖాతాదారు చేతికి అందాలన్నారు. బ్యాంకే హామీగా నిలిచి రాసిచ్చే క్యాషియర్ చెక్కులాంటివైతే చాలా సందర్భాల్లో మరుసటి పనిదినానికే అందాలి. ఉద్దేశం మంచిదే. కానీ చెక్కు నకిలీదని తేలడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈ రెంటి మధ్య సందులోనే దొంగ దూరాడు. ఖాతాలో సొమ్ము కనబడగానే అమ్మకందారు ‘మిగతాది’ పంపేస్తాడు, వస్తువు తీసుకెళ్లే ‘ఏజెంటు’కు రవాణా ఖర్చులూ పంపేస్తాడు. తర్వాత చెక్కు చెల్లదని తేలితే బ్యాంకు ఆ మొత్తాన్ని అతడి ఖాతాలోంచే కోసుకుంటుంది. వస్తువూ పోయె, డబ్బూ పోయె, పైన బ్యాంకుకు బాకీ!

మొబైల్ చెల్లింపులు వచ్చాక చెక్కు కూడా అక్కర్లేకుండా పోయింది. బ్యాంకు పంపినట్టే ఒక మెసేజీ తయారుచేస్తే చాలు. అది మామూలు ఫోన్ నంబరు నుంచి వచ్చిందన్నది కంగారులో ఎవరూ గమనించరు. కొందరు చెల్లింపు సంస్థ పేరుతో ఈమెయిలు పంపుతారు: సొమ్ము వచ్చి ఆగి ఉందట, అదనపు మొత్తం తిరిగి కడితేనే విడుదలవుతుందట. ఇంకొందరు ‘రీఫండ్ కోసం’ అంటూ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. పిన్ కొడితే మన డబ్బు బయటకు పోతుంది. డబ్బు అందుకోవడానికి పిన్‌తో పని లేదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన రకం మరొకటుంది. అందులో డబ్బు నిజంగానే వస్తుంది, కానీ అది ఇంకెవరి ఖాతాలోంచో కొట్టేసినది. ఆ ఖాతాదారు ఫిర్యాదు చేశాక మన ఖాతా స్తంభించిపోవచ్చు, దొంగసొమ్ము చేతులు మారడంలో మన పాత్రేమిటో విచారణలో చెప్పుకోవాల్సి రావచ్చు. అదనపు మొత్తాన్ని డబ్బు వచ్చిన ఖాతాకు కాక వేరే ఖాతాకు పంపమన్నాడంటే, గిఫ్ట్ కార్డులుగానో క్రిప్టోగానో ఇమ్మన్నాడంటే ఇక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు.

మా సలహా ఒక్కటే. తేడా లెక్కగట్టి తిరిగి పంపే పని అమ్మకందారు నెత్తిన వేసుకోవద్దు. మెసేజీని కాదు, మీ యాప్‌ను మీరే తెరిచి ఖాతా నిల్వ చూడండి. డబ్బు రాలేదా, మాట అక్కడితో ఆపేయండి. వచ్చిందా, బ్యాంకుకు చెప్పండి. పొరపాటు చెల్లింపును వెనక్కి మళ్లించే దారి వాళ్లకుంది. నిజంగా పొరబడినవాడు తన బ్యాంకును అడుగుతాడు, దానికి పట్టే సమయమూ భరిస్తాడు. పది నిమిషాల్లో పంపకపోతే పోలీసు కేసు పెడతానని బెదిరించేవాడికి ఆ ఓపిక లేకపోవడమే అతడి గుట్టు.

అయితే జాగ్రత్త పడాల్సింది అమ్మకందారు ఒక్కడేనా? మోసపు సొమ్ము తమ ఏజెంట్ల ద్వారా తరలుతున్నా అడ్డుకోలేదన్న కేసుల్లో, దేశదేశాలకు డబ్బు చేరవేసే అమెరికా సంస్థ వెస్ట్రన్ యూనియన్ 2017లో 58.6 కోట్ల డాలర్లు వదులుకోవడానికి అంగీకరించాల్సి వచ్చింది. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి, మోసగాళ్ల మాట నమ్మి బ్యాంకు ద్వారా డబ్బు పంపిన వినియోగదారులకు 85,000 పౌండ్ల వరకు తిరిగి చెల్లించే నిబంధన అమల్లో ఉంది. ఆ భారాన్ని పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం మోయాలి. దొంగకు ఖాతా తెరిచిన బ్యాంకుకూ నష్టంలో వాటా ఉంటేనే దాని కళ్లు తెరుచుకుంటాయని మేము నమ్ముతున్నాం. చెక్కు ఇంకా తేలకముందే ‘జమ’ అని చూపించే బ్యాంకులు, ఇది వెనక్కి పోవచ్చన్న ముక్కను ఆ అంకె పక్కనే రాయడానికి ఏమి అడ్డం? చాటింగులో ‘ఎక్కువ పంపాను’ అన్న మాట కనబడగానే అమ్మకందారును హెచ్చరించడం వ్యాపార వేదికలకు అంత కష్టమా?

డబ్బు పోయినవారికి మరొక్క మాట. చాలామంది ఇంట్లో ఏమంటారోనని రెండు మూడు రోజులు ఎవరికీ చెప్పరు. ఈలోగా ఆ సొమ్ము నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి, చాటింగూ మెసేజీలూ చెరపకుండా ఉంచి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. ఇంట్లోవాళ్లు కూడా ఆ రోజుకు మందలింపులు పక్కనపెట్టి, ఫోన్ అందుకుని బ్యాంకు నంబరు కలిపి ఇవ్వండి.