మా బీపీని కబ్జా చేశారు

హైదరాబాద్‌లో చెరువు కబ్జా అయితే 2024 నుంచి హైడ్రా వాళ్లు బుల్డోజర్ వేసుకుని వస్తున్నారు. మరి రిటైరైన పెద్దమనుషుల బీపీని పాతికేళ్లు దాటీ దాటని కుర్రాళ్లు కబ్జా చేస్తుంటే మేమెవరికి చెప్పుకోవాలి?

బీపీ మాకు ఊరికే రాలేదండీ. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. నేను కూకట్‌పల్లిలో రెండూ చేశాను. ప్లాన్ పర్మిషన్ కోసం చెప్పులరిగేలా తిరిగాను. కాఫీ చల్లారిందని అలిగిన వియ్యపురాలిని బతిమాలాను. అప్పటిగ్గానీ, యాభై నాలుగో ఏట, డాక్టరుగారు చీటీ మీద ఆ రెండక్షరాలూ రాయలేదు. మా మేనల్లుడికి ఇరవై ఎనిమిది. ఇల్లు కట్టలేదు, పెళ్లీ కాలేదు. గచ్చిబౌలి హాస్టల్లో ఉంటూ, ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఏకంగా 150/96 కొట్టుకొచ్చాడు. సీనియారిటీ అనేదొకటి ఉండక్కర్లేదా?

"నాకేం లేదు మామయ్యా, బానే ఉన్నా" అంటాడు. వాణ్ణి అని లాభం లేదు, మన భాషే మోసం చేసింది. "నాకు బీపీ తెప్పించకు" అని అరిచేవాడికే అదుంటుందనుకుంటాం. 140/90 దాటినా అది కిక్కురుమనదు. చాలామందికి తలనొప్పి కూడా రాదు.

అసలు జాలిపడాల్సింది వాడి అడ్రినల్ గ్రంథుల మీద. కిడ్నీల నెత్తిన టోపీల్లా కూర్చునే ఈ రెండూ కలిపి పట్టుమని పది గ్రాములుంటాయి. పులి ఎదురైతే పరిగెత్తించడం వాటి డ్యూటీ. అవి వదిలే హార్మోన్లలో అడ్రినలిన్ గుండెను ఉరికిస్తుంది, బీపీని లేపుతుంది. కార్టిసాల్ రక్తంలోకి చక్కెర వదులుతుంది. పులి వెళ్లిపోయేది, లేదా తినేసేది. ఎటైనా వ్యవహారం పది నిమిషాల్లో తేలిపోయేది. ఇప్పుడు పులులు బహదూర్‌పురా జూలో కునుకు తీస్తున్నాయి. రాత్రి పదకొండుకు మేనేజరు "ఒక్క చిన్న కాల్" అని మెసేజ్ పెడతాడు. పులికైనా కడుపు నిండేది.

కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి రాత్రికి తగ్గాలి. నిద్రలో బీపీ కూడా పది నుంచి ఇరవై శాతం దిగాలి. మావాడి శరీరం మాత్రం అమెరికా టైములో పనిచేస్తుంది, గచ్చిబౌలి టైములో ఆవలిస్తుంది. ఒంటిగంటకు బిర్యానీ. రోజంతటికీ ఐదు గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే ఒక టీస్పూను. ఆ సంస్థ వాళ్లు మన మిర్చీ కా సాలన్ చూసినట్టు లేదు. తర్వాత ఇరానీ చాయ్, టెన్షన్ తగ్గడానికో సిగరెట్. అందులోని నికోటిన్ మళ్లీ ఆ అడ్రినలిన్‌నే తట్టి లేపుతుంది. పాత బాకీ తీర్చడానికి కొత్త అప్పన్నమాట.

ఇంకా అన్యాయమైన లెక్కొకటుంది. 2007లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటు వయసు 53 అని తేలింది, మిగతా దేశాల వాళ్లకు దాదాపు 59. క్యూలో అలా ముందుకు తోసుకొచ్చింది చాలక, ఇప్పుడు మావాడు క్యూయే తప్పించుకుని వెళ్తానంటున్నాడు.

మొన్న ఆదివారం కూర్చోబెట్టి కొలిచాను. అరగంట ముందు నుంచీ చాయ్, సిగరెట్ బంద్. వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలన్నాను. "ఐదు నిమిషాలు ఊరికేనా?" అన్నాడు, ఉపవాసం ఉండమన్నట్టు. మొదటిసారి పై అంకె 148. రెండోసారి పట్టీ బిగుస్తుండగా టీపాయ్ మీద బోర్లా పెట్టిన ఫోన్ గుర్రుమంది. వాడు కదల్లేదు, పలకలేదు, మర్యాదగానే కూర్చున్నాడు. మెషీన్ మాత్రం 161 చూపించింది.

పట్టీ నా చేతికి మార్చుకున్నాను. 128/80.

"మీకసలు బీపీయే లేదు కదా మామయ్యా!"

నా ఇంట్లో, నా మెషీన్ ముందు, ఎంత మాటన్నాడు! పదమూడేళ్లుగా రోజూ మాత్ర వేసుకుంటేనే ఆ అంకె వస్తోందిరా అని చెప్పేలోపు, ఫోనెత్తి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.