మహారాజశ్రీ సమ్మర్ పాస్తా సలాడ్ గారికి

అయ్యా, నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ నిన్న సాయంత్రం ఫ్రిజ్ తలుపు తీసి మిమ్మల్ని చూశాక అంత అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు.

ఎండ ముదరకముందే వంటింట్లో దూరి, పాస్తా ఉడికించి పొయ్యి పని ముగించుకుని, పచ్చి ఆకులూ నూనే వెనిగరూ వేసి మిమ్మల్ని కలిపి మూతపెట్టి చల్లగా కూర్చోబెట్టింది నేనే కదా. "ముందే చేసి పెట్టుకోవచ్చు, నానేకొద్దీ రుచి" అని చెప్పింది మీ తరఫు వాళ్లే కదా, మీ ఫొటో ఎక్కడ కనిపించినా కింద అదే మాట. ఆ మాట నమ్మే నలుగురిని తినడానికి పిలిచా. మూత తీశాక వాళ్లు ఏమీ అనలేదు, ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని "పర్లేదు, బానే ఉంటుందిలే" అన్నారు, అంతకంటే తిడితే బాగుండేది.

సరే, చిన్నచిన్న విషయాలు ముందు తేల్చేస్తా. 15 నిమిషాల్లో అయిపోతారన్నారు. 100 గ్రాముల పాస్తాకి 1 లీటరు నీళ్లు చొప్పున పెద్ద గిన్నె నిండా పెడితే అవి మరగడానికే ఆ 15 నిమిషాలు సరిపోతాయి, ఆ టైము ఎవరి ఖాతాలో వేశారో మరి. తర్వాత "లైట్" అన్నారు. ఒక టేబుల్‌స్పూన్ ఆలివ్ ఆయిల్ అంటే దాదాపు 120 కేలరీలు, మీ మీద పోసి కలిపే డ్రెస్సింగ్‌లో వెనిగర్ ఒక వంతైతే నూనె మూడు వంతులు, చాలక పైన ఇంకాస్త తిప్పి పొయ్యమంటారు. పక్కన నాలుగు ఆకులు కనిపిస్తే లైట్ అయిపోతారా? పాస్తాని చన్నీళ్లలో కడిగితే ఘోరం అని అరిచేవాళ్లకి కూడా ఒక దణ్ణం, వేడివేడిగా సాస్‌లో కలిపేదానికి కడక్కూడదు నిజమే, పైన ఉండే గంజే సాస్‌ని పట్టుకుంటుంది. చల్లగా తినేదానికి అదే గంజి ఉంచితే అంతా ముద్దకట్టి కూర్చుంటుంది.

ఇవన్నీ క్షమించా. క్షమించలేనిది ఆకుల సంగతి.

ఆ ఆకుల కోసం నేను పడ్డ పాట్లు మీకేం తెలుసు. లేత పాలకూర, లెట్యూస్, అరుగులా అన్నీ పెద్ద బేసిన్‌లో నీళ్లు పోసి ముంచి, ఇసుక కిందకి దిగాక పైనుంచి చేత్తో ఎత్తి తీసి (గిన్నె వంచి వార్చామా, దిగిన ఇసుక మళ్లీ ఆకుల మీదకే వస్తుంది), ఇంకోసారి అదే పని చేసి, బట్ట మీద పరిచి ఒక్కో ఆకూ ఒత్తి తడి తీశా. గంపెడు ఆకు, కరకరలాడే ఆకు. సాయంత్రానికి గుప్పెడైంది. ఆ గుప్పెడు కూడా ఏ రూపంలో ఉంది? ఫ్యుజిలీ అనే మెలికల పాస్తా సందుల్లో ఇరుక్కుని, తడిసిన కాగితంలా అతుక్కుపోయి, అంచులు నల్లబడి, వేలితో లాగితే జారుతోంది. అడుగున ఆకుపచ్చ నీళ్లు. ఆ నీళ్ల మీద చలికి గడ్డకట్టిన ఆలివ్ ఆయిల్ తెల్లటి పలుకులు. బేసిల్ (తులసి జాతి ఆకు) గురించి మాట్లాడదల్చుకోలేదు, 10 డిగ్రీల లోపు చలి దానికి అస్సలు పడదని తెలిసి కూడా దాన్ని లోపలే పెట్టించారు, నల్లగా మాడి చచ్చింది పాపం.

ఇక గారూ గీరూ నా వల్ల కాదు.

నీకు ముందే తెలుసు. ఆకు మీద సన్నటి మైనపు పొర ఉంటుందని, నీళ్లు పడితే జారిపోయేది ఆ పొర వల్లేనని, నూనె మాత్రం ఆ పొరని దాటి లోపలికి ఇంకిపోతుందని నీకు తెలుసు. అందరూ పులుపు వల్ల వడిలాయి అని వెనిగర్‌ని తిడతారు, అసలు దొంగ నూనె. దానికి ఉప్పు తోడు, లెట్యూస్ అంటేనే దాదాపు 95 శాతం నీళ్లు, ఉప్పు తగిలితే ఆ నీళ్లు బయటికి రాక ఏమవుతాయి? ఆ వచ్చిన నీళ్లనీ నా డ్రెస్సింగ్‌నీ నీ పాస్తా తాగినంత తాగింది, తాగి మెత్తబడిందా అంటే అదీ లేదు, చలికి పిండి బిగుసుకుపోయి రబ్బరైంది. పంటికి కాస్త తగిలేలా దించెయ్ అన్నావు, అది వేడిగా తినేవాళ్లకి చెప్పే మాట, చల్లగా తినేదైతే ఇంకో నిమిషం, రెండు నిమిషాలు ఉడకనివ్వాలి అని ఒక్కడైనా చెప్పాడా? అంటే ఆకు కరకరలాడాల్సింది మెత్తబడింది, పాస్తా మెత్తగా ఉండాల్సింది గట్టిపడింది. నా సహనానికే ఎసరు పెట్టావు కదా.

"ముందే చేసి పెట్టుకోవచ్చు" అని రాసినవాడు ఆకులు వేసిన గిన్నెని ఒక్కపూట దాచి తిన్నాడా అని. తినడు. ఫొటో తీసుకుని వెళ్లిపోతాడు.

కోపం ఎందుకంటే, కలిపిన వెంటనే ఒక ముద్ద రుచి చూశా. అదే నా ఖర్మ. అరుగులా ఘాటు ముక్కుకి తగులుతూ, చెర్రీ టమాటా పంటికింద చిట్లి, నిమ్మ పులుపు, చల్లటి పాస్తా, ఈ ఎండల్లో దీన్ని మించింది ఏముంది అనిపించింది. ఆ పది నిమిషాలకే పుట్టావు నువ్వు, ఆ మాట నిజాయితీగా చెప్పుకోవడానికి ఏం రోగం?

మళ్లీ చేస్తా, తప్పదు, ఎండలు ఇంకా ఉన్నాయి. కానీ ఈసారి షరతులు నావి. ఆకులు పొడిబట్టలో చుట్టి విడిగా ఉంటాయి, తినే ముందు తప్ప నీ మొహం చూడవు. డ్రెస్సింగ్‌లో సగం, కడిగిన పాస్తా ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడే తాగుతుంది, మిగతా సగం సీసాలో, కాస్త ఆవపేస్ట్ వేస్తే నూనె, వెనిగర్ విడిపోకుండా ఉంటాయి. బేసిల్ బయట గ్లాసు నీళ్లలో నిలబడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీశాక నూనె కరిగేదాకా నువ్వు టేబుల్ మీద కూర్చుంటావు, అందాకా నిన్నెవరూ ముట్టుకోరు.

ఇట్లు,
నలుగురిలో తలదించుకున్న నీ వంటమనిషి

తా.క.: ఆ పచ్చి ఉల్లిపాయ ముక్కల విషయం విడిగా రాస్తా. వెన్న కూడా అదే వాసన కొడుతోంది.