ఊహాలోకంలో బానిసలకు విడుదల పత్రం ఎవరివ్వాలి?

వేరుశనగకు వాన లేదు. హంద్రీ-నీవా నీళ్ళ పంచాయితీ తెగలేదు. అయినా ఈ వ్యాసకర్త వాటి జోలికి పోవడం లేదు, వాటి మీద రాసేవాళ్ళు జిల్లాకు సరిపడా ఉన్నారు. ఎవరి కంటా పడని అత్యవసర సమస్య ఒకటి అనంతపురం కమలానగర్‌లో ఒక మేడ మీది గదిలో ప్రతి ఆదివారం రగులుతోంది. మంత్రగాళ్ళూ రాక్షసులూ డ్రాగన్లూ తిరిగే కల్పిత లోకంలో బానిసలు ఉండొచ్చా, ఉండకూడదా? ఆ మేడ నాదే. అద్దె అడగడానికి మెట్లెక్కిన ప్రతిసారీ చర్చ నా చెవిన పడుతోంది కాబట్టి, ఈ విషయంలో నాకు తగినంత అర్హత వచ్చిందనే అనుకుంటున్నాను.

తెలియనివాళ్ళకు ఒక మాట. ఇది కంప్యూటర్ ఆట కాదు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడిపిస్తాడు, వాడు గేమ్ మాస్టర్. మిగతావాళ్ళు తలా ఒక వీరుడు. దెబ్బ తగిలిందా తప్పిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి దీన్ని డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో అచ్చేశారు. పాడుబడ్డ కోటలో దూరడం, నేలమాళిగ వెతకడం, కాపలా కాసేదాన్ని చంపడం, బంగారం మూటగట్టడం. మన సీమలో గుప్తనిధుల కోసం పాత గుళ్ళల్లో గునపాలేసుకుని తిరిగేవాళ్ళు ఇదే పని పాచికల్లేకుండా చేసి పోలీసులకు దొరుకుతుంటారు.

ఈ ఆటలోకి బానిసలు నిన్నమొన్న రాలేదు. 1980లోనే బానిస వ్యాపారుల ముఠా మీద సాహసాల వరస ఒకటి మొదలైంది. దాని నాలుగో భాగంలో వీరులే పట్టుబడి, కత్తీ కవచం పోగొట్టుకుని చెరలో కళ్ళు తెరుస్తారు. 1991లో అదే ఆటకు డార్క్ సన్ అనే కొత్త లోకం వచ్చింది. ఆ లోకం పేరు ఆథస్. నెత్తిన ఎర్రటి ఎండ, కింద ఎడారి. ఇనుము బంగారమంత అరుదు. మంత్రగాడు ముందూ వెనకా చూసుకోకుండా మంత్రం వేస్తే చుట్టూ ఉన్న పచ్చదనం మాడి బూడిదవుతుంది. నగరాలు మంత్రగాళ్ళయిన రాజులవి, చాకిరీ బానిసలది. మొట్టమొదటి సాహసంలో వీరులు టైర్ అనే నగరంలో బానిసలై, కాలక్ అనే రాజు కట్టిస్తున్న మెట్ల గోపురం దగ్గర ఒళ్ళు హూనం చేసుకుంటారు. దేశంలో జైసల్మేర్ తర్వాత మనదే అని కరువు లెక్క చెప్పుకునే జిల్లాలో పుట్టిన పిల్లలకు ఆ లోకం చూడగానే సొంతూరులా అనిపించిందంటే తప్పేముంది? "అన్నా, ఇది మన కళ్యాణదుర్గం రోడ్డే కదన్నా" అన్నాడు ఒకడు పటం చూసి.

చిక్కల్లా ఏమిటంటే, ఆటలు అమ్మే సంస్థలకు ఇప్పుడు ఆ సరుకు పేరెత్తితే చెమటలు పడుతున్నాయి. ఇదే తరహా పాత్‌ఫైండర్ ఆటను అచ్చేసే పైజో సంస్థ ఇకమీదట తన పుస్తకాల్లో బానిసత్వం ఉండదని 2021లో చెప్పేసింది. 2022లో స్పెల్‌జామర్ పుస్తకంలో హడోజీలనే కోతిరూపు జాతిని ఒక మంత్రగాడు బానిసలుగా మార్చబోయాడని రాశారు. జనం మండిపడేసరికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ కంపెనీవాళ్ళు క్షమాపణ చెప్పి ఆ ముక్క తీసేశారు.

వెక్కిరించడం తేలికే. కానీ ముత్తవ్వను వేలం తిన్నె మీద నిలబెట్టి అమ్మిన ఇంటి నుంచి వచ్చిన మనిషి వారమంతా పనిచేసి సరదాగా ఆడుకుందామని కూర్చుంటే, బల్లకు అవతలివాడు నవ్వుతూ "ఒకటోసారి, రెండోసారి" అంటే ఎట్లా ఉంటుంది? వాళ్ళ భయంలో న్యాయం ఉంది. నేను మురిసిపోయింది మాత్రం వాళ్ళ పద్ధతి చూసి. అమెరికా బానిసత్వాన్ని వదిలించుకోవడానికి 1865 దాకా నాలుగేళ్ళు యుద్ధం చేయాల్సి వచ్చింది. పైజోకు ఒక ప్రకటన చాలింది.

ఈ విద్యలో మనం వాళ్ళకంటే ముందున్నాం. బానిసత్వాన్ని చట్టం గుర్తించదని ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో 1843లోనే అన్నారు. 1950లో రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి, 1975 అక్టోబరు 25 నుంచే అది రద్దయినట్టు లెక్క అంది. పోయినది ఇన్నిసార్లు పోవడం మన దేశంలోనే సాధ్యం. ఆ తర్వాత మిగిలింది కాగితం పని. ఏ ఫారంలోనైనా వెట్టి అన్న గడికి ఎదురుగా "నిల్" అని రాసి సంతకం పెట్టామంటే ఇటుక బట్టీ పక్కన గుడిసెలో ఉన్న కుటుంబం కుటుంబం మాయమైపోతుంది. ఆథస్ మంత్రగాళ్ళెవరికీ ఈ మంత్రం పట్టుబడలేదు.

ఇక మా మేడ మీది సంగతి. ఆట మొదలెట్టే ముందు ఏది ఉండాలి, ఏది వద్దు అని తేల్చుకోవడానికి ఒక రోజు కూర్చుంటారు, దాన్ని సెషన్ జీరో అంటారు. బల్ల మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డు పెడతారు. 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన రూపొందించిన ఏర్పాటు ఇది. కథ ఎటో పోతోంది, భరించలేను అనుకున్నవాళ్ళు దాన్ని తాకితే చాలు, ఎందుకని ఎవరూ అడగకూడదు, కథ పక్కకు తిరగాలి. ఇంత మర్యాద మన పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు.

కూర్చున్నవాళ్ళలో కొందరు వాస్తవికవాదులు. పాతకాలపు లోకం కాబట్టి బానిసలు ఉండి తీరాలన్నారు. వాళ్ళ లోకంలో గుర్రానికి జబ్బు చేయదు, వీరుడికి విరేచనాలు పట్టుకోవు, కడుపులో కత్తి దిగినవాడు ఒక రాత్రి పడుకుని లేస్తే తెల్లారేసరికి కుదురుకుంటాడు. అవన్నీ మాఫీ. బానిసల సంత ఒక్కటి మాత్రం చరిత్రను అచ్చుగుద్దినట్టుండాలి, అందులోనూ ఆడవాళ్ళ ధరల పట్టిక కాస్త వివరంగా ఉండాలి. ఇంకో ఇద్దరు విమోచనవాదులు. తలుపు తన్ని, కాపలావాణ్ణి నరికి, గొలుసులు తెంచి, "ఇక మీరు స్వేచ్ఛాజీవులు" అని చెప్పి అరగంటలో పక్కూరికి బయల్దేరే రకం. విడిపించినవాళ్ళ పేర్లేమిటని గేమ్ మాస్టర్‌ను ఎవరూ అడగలేదు. అడిగినా ఆయన దగ్గర లేవు.

అప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడు కుర్రాడొకడు, చాలా మంచివాడు, ప్రతి నెలా ఒకటో తారీఖుకే అద్దె కట్టేవాడు, చెయ్యెత్తాడు. "అన్నా, నేనొకణ్ణి కొనుక్కుంటా. కొట్టను, తిట్టను. ఇంట్లో మనిషిలాగా చూసుకుంటా."

ఎక్స్ కార్డు మీదికి ఒక్క చెయ్యి కూడా పోలేదు. ఎందుకు పోతుంది? ఆ మాట అందరూ ఉగ్గుపాలతో తాగినదే. ఇంట్లో మనిషి ఎట్లా ఉంటుందో మనకు తెలియనిదా? పండక్కి ఒక జత బట్టలు పెడతాం. జ్వరమొస్తే మాత్ర తెప్పిస్తాం. "మా పిల్లే" అని చుట్టాలకు చెబుతాం. గ్లాసు మాత్రం పెరట్లో గూట్లో వేరేగా బోర్లించి ఉంటుంది. బడికి ఎందుకు పోలేదంటే "దానికే చదువు మీద ధ్యాస లేదు" అంటాం. వాళ్ళ నాయన అక్క పెళ్ళికి తీసుకున్న డబ్బు సంగతి వస్తే "మా మధ్య లెక్కలేంటి సామీ" అంటాం, లెక్క బీరువాలో ఉంటుంది. గొర్రెల వెంట పోయే పిల్లోడైనా, ఏడాది జీతానికి ఉన్న జీతగాడైనా అంతే, అందరూ ఇంట్లో మనుషులే. ఇంట్లోంచి బయటికి పోతామన్నప్పుడు మాత్రం ఎంత బాకీ ఉన్నారో గుర్తొస్తుంది.

ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయిన ఆడవాళ్ళకు ఈ బంధుత్వం ఇంకా బాగా తెలుసు. అక్కడ కఫాలా అని ఒక ఏర్పాటు ఉంది. పిలిపించిన యజమాని పేరు మీదే మనిషి ఆ దేశంలో ఉండాలి, ఆయన్ను కాదని ఇల్లు మారడం మహా కష్టం. పనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదని 2015లో అక్కడ చట్టం చేశారు. కానీ ఇంట్లో మనిషి పాస్‌పోర్టు ఇంటి బీరువాలో కాక ఇంకెక్కడుంటుంది?

అందుచేత ఆ కుర్రాడి కోరికను సభ సానుభూతితో పరిశీలించింది. ఈ ఆటల్లో బానిసల వైపు నుంచి ఆడేది కూడా ఒకటుందని ఎవరో గుర్తుచేశారు. జూలియా బాండ్ ఎలింగ్‌బో 2007లో తెచ్చిన స్టీల్ అవే జోర్డన్. అందులో ఆడేవాళ్ళంతా అమెరికా తోటల్లోని బానిసలే, ఒక్కొక్కరి విలువ ఎంతో కట్టేది గేమ్ మాస్టర్. మంత్రాల్లేవు, డ్రాగన్ లేదు, మనల్ని కొనేవాళ్ళు ఉంటారు తప్ప మనం కొనేది ఏమీ ఉండదు అని తెలిశాక ఆ ప్రస్తావన అక్కడితో ముగిసింది.

ఇంత విన్నాక ఇంటి ఓనరుగా నా అభిప్రాయం చెప్పక తప్పలేదు. మీ ఆటలో తప్పు బానిసలు ఉండటం కాదు నాయనా, అందులో కొరడా ఉంది, గొలుసు ఉంది, పద్దు పుస్తకం లేదు. ఇనుము దొరకని ఆథస్‌లో మనిషికో గొలుసు ఎవడు చేయిస్తాడు? కాగితం చవక. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరపకోతకు బండ్లెక్కేవాళ్ళంతా వెట్టివాళ్ళు కారు, ఆ మాట అనడం వాళ్ళను అవమానించడమే. అయినా మేస్త్రీ నోట "అడ్వాన్సు" అన్న మాట ఏ గొంతుతో వస్తే ఇంటికి తిరిగొస్తామో, ఏ గొంతుతో వస్తే రామో వాళ్ళకు తెలుసు. మనిషి చేత బలవంతంగా పని చేయిస్తున్నారంటే అడ్వాన్సో మరొకటో ఇచ్చే ఉంటారని ముందుగా అనుకోవాలి, కాదని నిరూపించుకోవాల్సింది యజమానే అని సుప్రీంకోర్టు 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో అన్నది. మీ గేమ్ మాస్టర్ ఆ తీర్పు చదివినట్టు లేదు.

కాబట్టి బానిసల దొరను చంపాకే అసలు సాహసం మొదలవ్వాలన్నాను. వీరులు విడిపించినవాళ్ళను వెంటబెట్టుకుని ఆర్డీఓ ఆఫీసుకు పోవాలి. పాచిక వేయాలి. పద్దెనిమిది దాటితే సారు సీట్లో ఉన్నట్టు, లేకుంటే మంత్రిగారి పర్యటన బందోబస్తులో ఉన్నట్టు. విడుదల పత్రం చేతికొస్తేనే మనిషి విడుదలైనట్టు. అప్పుడు తక్షణ సాయం కింద ముప్పై వేల దాకా రావచ్చు. మిగతా లక్షో, రెండు లక్షలో, మూడు లక్షలో మనిషిని బట్టి, పడిన హింసను బట్టి, కేసు నడకను బట్టి వస్తుంది. ఈలోగా ఆ కుటుంబం ఏం తినాలో తేల్చడానికి ఇంకో పాచిక. దొర బతికి దొరికితే మూడేళ్ళ దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. రెండు వేలన్నది 1976 నాటి అంకె. వీరుడు చేతిలో తిప్పే పొడవు కత్తికే ఆటలో పదిహేను బంగారు నాణేలు పెట్టాలి, పెట్టుబడి లెక్కన చూసుకున్నా దొరకే లాభం.

"బోర్ అన్నా" అన్నారు విమోచనవాదులు.

సరే, చివరికి బానిసలు ఉంటారనీ, కొనడం మాత్రం వద్దనీ మధ్యేమార్గంగా తీర్మానించుకుని ఆట మొదలుపెట్టారు. ఆ గుంపులో ఒకమ్మాయి ఉంది. కోసిగి పక్క పల్లె, ఇక్కడ డిగ్రీ చదువుతోంది. అంతవరకూ నోరు విప్పలేదు. ఆటలో ఆమెది దొంగ పాత్ర. మిగతావాళ్ళు దొర కోట ముందు కత్తులు దూసి, ఎవరు ముందు తలుపు తన్నాలని వాదించుకుంటుంటే, తాను వెనక కిటికీలోంచి దొర గదిలోకి దిగుతున్నానంది.

"బోను తాళం అక్కడ లేదు, కింద ఉంది" అన్నాడు గేమ్ మాస్టర్.

"తాళం వద్దన్నా. లెక్కల పెట్టె యాడుంది?"

పుస్తకంలో అట్లాంటి పెట్టె లేదన్నాడు. "ఇంతమందిని పెట్టుకున్నోడు లెక్క రాయకుండా ఎట్లుంటాడన్నా?" అంది. అతనికి జవాబు దొరకలేదు, పెట్టె దొరికింది. పాచిక వేస్తే పదిహేడు పడింది. పద్దు పుస్తకం, ప్రోనోట్లు, వేలిముద్రలేసిన తెల్ల కాగితాలు అన్నీ బయటికి తీసి దీపం మీద పెట్టింది.

బల్ల దగ్గర పెద్ద గొడవ. ఒక గాబ్లిన్‌ను చంపితే యాభై పాయింట్లు, ప్రోనోట్లు కాల్చినందుకు ఎన్నని నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేదు. బయట ఇంతమంది వీరులు కత్తులు నూరుకుని నిలబడితే యుద్ధం లేకుండా చేసిందని వాస్తవికవాదులకు కోపం. ఆటలో న్యాయం చెడిపోతుందని నాకూ అనిపించింది, అప్పిచ్చినవాడు ఒక్క కాగితాన్ని నమ్ముకుని ఉంటాడా? ఆ మాటే గేమ్ మాస్టర్ చెవిలో వేశాను. అతను కాసేపు ఆలోచించి, ఆ ప్రోనోట్ల నకళ్ళు రాజధానిలో మంత్రగాళ్ళ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్నాయని ప్రకటించాడు.

"అయితే వచ్చే ఆదివారం ఆడికే పోదాం" అంది ఆ అమ్మాయి.

అక్కడ డ్రాగన్ ఉంటుందా అని అడిగాడు మూడో ఏడు కుర్రాడు. ఉండదు, సీనియర్ అసిస్టెంట్ ఉంటాడని తెలిసి, వచ్చే ఆదివారం తమకు ఊళ్ళో పనుందని ముగ్గురు అప్పటికప్పుడే చెప్పేశారు.